ముప్పై–నలభై సైటులో ఎర్ర గులాబీ: బెంగళూరు ఇళ్లకు ఏ రకం నయం?

బెంగళూరులో ఎర్ర గులాబీ పెంచాలనుకునే తెలుగువారి ఇళ్లలో అందుకు దొరికే చోటు సాధారణంగా రెండే రకాలుగా ఉంటుంది. ముప్పై–నలభై సైటులో, అంటే 30 × 40 అడుగుల స్థలంలో, ఇల్లు కట్టగా గేటు పక్కన మిగిలిన రెండు మూడడుగుల మట్టి ఒకటి. అపార్టుమెంటు బాల్కనీలో బట్టలు ఆరేసే తీగలకు, వాషింగ్ మెషీన్‌కు మధ్య మిగిలిన మూల మరొకటి. ఈ రెండు చోట్లలో ఏ ఎర్ర గులాబీ తక్కువ శ్రమతో బతికి, ఏడాదిలో ఎక్కువ నెలలు పూస్తుందో తేల్చుకోవడానికే ఈ పోలిక. నా అభిప్రాయం ముందే చెబుతాను. పూలకొట్టులో పొడవాటి కాడతో అమ్మే గులాబీని ఇంట్లో పెంచబోవడం చాలామంది చేసే మొదటి పొరపాటు. దేవుడి పటానికి విడిపూలుగా పెట్టే ఎర్ర గులాబీ చూపుకు కాస్త సాదాగా ఉన్నా, ఈ ఊరికి అంతకంటే ఎంతో నమ్మకమైనది.

శ్రమ ఎక్కడ ఉంది

గులాబీకి శ్రమ అనగానే నీళ్లు పోయడం గుర్తుకు వస్తుంది గానీ, నిజానికి మనిషిని విసిగించేది మందు కొట్టడమే. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల ఇక్కడి వేసవి కడప, అనంతపురం వేసవిలా మొక్కను మాడ్చదు. గులాబీ ఏడాది పొడవునా చిగురిస్తూనే ఉంటుంది. ఆ మేలులోనే కీడు కూడా ఉంది. చలిదేశాలలో శీతకాలం ఆకు మొత్తం రాలిపోయి తెగుళ్లకు కొంత విరామం వస్తుంది. ఇక్కడ మొక్కపై ఎప్పుడూ లేత ఆకు ఉంటుంది కనుక ఏదో ఒక తెగులుకు ఎప్పుడూ మేత దొరుకుతుంది. మే నెల జల్లులు మొదలైనప్పటి నుంచి అక్టోబరు దాకా నల్లమచ్చ తెగులు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చల్లని రాత్రులలో బూడిద తెగులు, ఆ తరువాత ఎండలు ముదిరే కొద్దీ రసం పీల్చే తామర పురుగులు, ఎర్రనల్లి వంతులు వేసుకున్నట్టు వస్తాయి.

నల్లమచ్చ తెగులును కలిగించే శిలీంధ్రం ఆకులోకి దిగాలంటే ఆకు దాదాపు ఏడు గంటలపాటు ఆరకుండా తడిగా ఉండాలి. బెంగళూరులో సెప్టెంబరు నెలలో వాన ఎక్కువ. సాయంత్రం కురిసి, రాత్రంతా గాలి కదలక, తెల్లవారేదాకా ఆకు ఆరదు. అందువల్ల ఆ నెలలో మందు లేకుండా ఆకు నిలుపుకోగలిగిన రకమే మన లెక్కలో తక్కువ శ్రమ రకం. బూడిద తెగులుకు ఆ తడి అవసరం లేదు కాబట్టి, వానలు వెళ్లిపోయాయని మనం ఊపిరి పీల్చుకున్న తరువాత అది దిగుతుంది. ఈ రెండింటినీ తట్టుకోవడంతోపాటు, వాడిన పూలను తుంచకపోయినా మళ్లీ మొగ్గ తొడగడం, అంటు కింది నుంచి వేరుమొక్క (వేరు కోసం వాడిన అడవి గులాబీ) చిగుళ్లు రాకపోవడం, ఒక పూట నీళ్లు తప్పినా వాలిపోకపోవడం అనే గుణాలను కూడా చూసుకోవాలి.

రకం కంటే ముందు ఎండ

గులాబీకి రోజుకు కనీసం ఐదారు గంటల నేరు ఎండ కావాలి. అంతకు తక్కువైతే ఎంత మంచి రకమైనా ఆకులు వేసి ఊరుకుంటుంది. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నందున ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. అందువల్ల దక్షిణం వైపు చూసే బాల్కనీకి పై అంతస్తు బాల్కనీ కప్పుగా ఉన్నట్లయితే, డిసెంబరులో రోజంతా పడే ఎండ జూన్‌లో దాదాపు పడదు. డిసెంబరులో ఇల్లు మారి, ఆ ఎండను చూసి ఆరు కుండీలు కొన్న ఒక మిత్రుడికి జూన్ కల్లా ఆరు ముళ్ల పుల్లలు మిగిలాయి. ఆయన తప్పును నర్సరీ మీద వేశారు గానీ, అది సూర్యుడి లెక్క.

తూర్పు బాల్కనీ అన్నింటిలోకీ మంచిది. ఉదయపు ఎండ రాత్రి మంచును, వాన తడిని త్వరగా ఆరబెడుతుంది కనుక నల్లమచ్చ సగం అక్కడే తగ్గుతుంది. పడమటి బాల్కనీలో ముదురు ఎరుపు పూల రేకుల అంచులు మార్చి, ఏప్రిల్ నెలలలో నల్లగా మాడతాయి. అక్కడ కాస్త లేత ఎరుపు రకాన్ని ఎంచుకోవడం, లేదా ఆ రెండు నెలలు పచ్చని నీడవల కట్టడం మేలు. రెండు ఇళ్ల గోడల మధ్య మూడడుగుల సందులో మధ్యాహ్నం ఒక గంట మాత్రమే ఎండ పడితే, ఎవరేమి చెప్పినా అక్కడ గులాబీ నాటవద్దు. అటువంటి ఇంటికి మేడపైన కుండీ ఒక్కటే దారి.

పూలకొట్టు గులాబీ: హైబ్రిడ్ టీ

ఒక కాడకు ఒక పెద్ద పువ్వు, నిండైన రేకులు, మొగ్గ దశలో సూదిలాంటి కొన ఉండే రకాలను హైబ్రిడ్ టీ అంటారు. ఎరుపులో వాసనకు పేరున్నవి 1963 నాటి పాపా మెయాఁ, 1964 నాటి మిస్టర్ లింకన్, ఓక్లహోమా. లాల్‌బాగ్‌లో ఆగస్టులోను, జనవరిలోను జరిగే పుష్పప్రదర్శనలకు వెళ్లి వచ్చేవారి చేతుల్లో కనిపించేవి ఎక్కువగా ఈ జాతివే, ఎందుకంటే కుండీలో ఒక్క పువ్వు విచ్చుకుని ఉన్నా కొనాలనిపించే అందం వీటిది. కానీ ఇవి శ్రమ కోరే మొక్కలు. పాపా మెయాఁ ముదురు ఎరుపుకు, వాసనకు సాటి రావడం కష్టమే. అయితే బూడిద తెగులు దానిని వెతుక్కుంటూ వస్తుంది. పువ్వు వాడగానే కాడను తుంచాలి, కత్తిరింపు గట్టిగా చేయాలి, వానాకాలంలో పదిహేను రోజులకు ఒకసారైనా మందు కొట్టాలి. అలా చేయకపోతే సెప్టెంబరు చివరికి కొమ్మల చివరన నాలుగు ఆకులు మిగులుతాయి.

బొకేలలో వచ్చే ఎర్ర గులాబీలు పెంచేది హోసూరు, బెంగళూరు పరిసరాల పాలీహౌసులలో. ఉదాహరణకు తాజ్ మహల్ అనే రకం హోసూరు రైతులకు ప్రేమికుల దినం పంటగా పేరు తెచ్చింది. వాన తగలని కప్పు కింద, లెక్క ప్రకారం ఎరువు, మందు అందే చోట పెరగడానికి ఎంపిక చేసిన మొక్క అది. బొకే వాడిపోయాక ఆ కాడను బంగాళాదుంపలో గుచ్చి పాతేవారికి ఒకవేళ వేరు పట్టినా, ఆరుబయట దానికి మొదటి వానాకాలమే పరీక్ష. హైబ్రిడ్ టీ మీద మనసు పడినవారు ఒక్క మొక్కతో ఆపుకుని, 14 నుంచి 16 అంగుళాల కుండీలో, కంటికి ఎదురుగా ఉండేచోట పెట్టుకుంటే తెగులు తొలి మచ్చలోనే కనిపిస్తుంది.

గుత్తి గులాబీ, బటన్ రోజ్

ఫ్లోరిబండా రకాలు గుత్తులుగా పూస్తాయి. ఒక్కొక్క పువ్వు చిన్నదే అయినా, దూరం నుంచి చూసేవారికి ఎరుపు ఎక్కువగా కనిపించేది వీటిలోనే. 1959లో జర్మనీకి చెందిన కోర్డెస్ వారు తెచ్చిన లిల్లీ మార్లీన్, 1960ల తొలినాళ్ల యూరోపియానా ఈ కోవలోని ప్రసిద్ధ ఎరుపులు. రెండవదానికి బూడిద తెగులు బలహీనత ఉంది. గుత్తి మొత్తం అయిపోయాక ఒకే కోత చాలు కనుక తుంచే పని తక్కువ. 12 అంగుళాల కుండీ సరిపోతుంది. రెండు మూడు రోజులు పట్టించుకోకపోయినా సర్దుకుంటుంది. వాసన మాత్రం చాలా రకాలలో నామమాత్రం. గేటు దగ్గర రంగు కోసమే మొక్క కావాలనుకునేవారికి, మందు కొట్టడం ఏడాదిలో నాలుగైదు సార్లకు మించకూడదనుకునేవారికి ఇది మధ్యేమార్గం.

బటన్ రోజ్ అని నర్సరీలలో అమ్మే చిట్టి గులాబీ చిన్న బాల్కనీకి సరిగ్గా అతుకుతుందని అందరూ అనుకుంటారు. అక్కడే ఒక చిక్కు ఉంది. మొక్క చిన్నది కనుక కుండీ కూడా చిన్నదే కొంటాము; ఒకే ఆకారంలో ఉన్న 8 అంగుళాల కుండీతో పోలిస్తే 14 అంగుళాల కుండీలో ఐదు రెట్లకు పైగా మట్టి పడుతుంది. ఏప్రిల్‌లో చిన్న కుండీ మధ్యాహ్నానికే ఎండిపోయి, రోజుకు రెండు పూటలా నీళ్లు అడుగుతుంది. ఆ పొడిలో ఎర్రనల్లి ఆకుల అడుగున గూడు కట్టి, పది రోజులలో మొక్కను దుమ్ము పట్టినట్టు చేస్తుంది. సంక్రాంతికి ఊరు వెళ్లి వచ్చేసరికి బతికి ఉండే బటన్ రోజ్, వేసవి సెలవులకు వెళ్లి వచ్చేసరికి ఉండదు. దీనిని పెంచదలచినవారు మూడు మొక్కలను కలిపి ఒకే పొడవాటి తొట్టెలో నాటి, వారానికి రెండుసార్లు ఆకుల అడుగు తడిసేలా పైపుతో నీటిని గట్టిగా కొడితే నల్లికి వేరే మందు అక్కరలేకుండా గడిచిపోతుంది. కడిగే పని ఉదయమే ముగించాలి; సాయంత్రం కడిగితే నల్లిని పంపి నల్లమచ్చను పిలిచినట్టే.

విడిపూల గులాబీ

కె.ఆర్. మార్కెట్టులో కిలోల లెక్కన అమ్మే ఎర్ర విడిగులాబీని ఇక్కడివారు మిరాబుల్ అంటారు. తమిళనాడులో ఇదే అవసరానికి సాగు చేసే రకాలలో ఆంధ్రా రెడ్ అన్న పేరు గలది ఒకటి ఉంది. మన రాష్ట్రం పేరు మోసే గులాబీని బెంగళూరులో ఉన్న మనలో చాలామంది విననైనా వినలేదు. ఈ కోవలోనిదే, దేశమంతటా దండలకు, పూజకు పెంచే గ్రూస్ ఆన్ టెప్లిట్జ్. ఆస్ట్రియా–హంగరీలో రుడాల్ఫ్ గెష్విండ్ రూపొందించగా 1897లో వెలుగుచూసిన ఈ రకం పేరుకు 'టెప్లిట్జ్ ఊరికి వందనం' అని అర్థం. ఆ చలి ఊరికి వందనం చెప్పిన మొక్క మన ఎండలో స్థిరపడింది.

దీనికి కారణం వంశంలో ఉంది. ఐరోపా పాతకాలపు గులాబీలు అనేకం శీతకాలపు చలి తగిలితేగాని వసంతంలో పూయవు, అదీ ఏడాదికి ఒక్కసారే. ఏడాదిలో పదేపదే పూసే గుణం, వేడిని ఓర్చే గుణం చైనా గులాబీల నుంచి వచ్చాయి. గ్రూస్ ఆన్ టెప్లిట్జ్‌లో ఆ చైనా రక్తం ఎక్కువ. నిద్రాకాలం లేని బెంగళూరు వాతావరణంలో ఆగకుండా చిగురించి, ప్రతి చిగురు చివరా మొగ్గ తొడుగుతుంది. రంగు ముదురు ఎరుపు, వాసన ఘాటు. పువ్వు మెడ సన్నగా ఉండి కిందికి వంగుతుంది కనుక గాజు కూజాలో పెట్టుకోవడానికి పనికిరాదు. తెల్లవారి కోస్తే పూజకు, జడకు సరిపోతుంది, సాయంత్రానికి రేకులు వదులవుతాయి. రోజూ పూలు కోయడమే దీనికి కత్తిరింపు అవుతుంది కాబట్టి, ఇంట్లో నిత్యపూజ ఉన్నవారికి తుంచే శ్రమ లెక్కలోకే రాదు. బూడిద తెగులు దీనికి అసలు రాదని నేను అనను. వచ్చినా ఒకటి రెండు కొమ్మలతో ఆగి, మొక్క తేరుకుంటుంది. నా మొక్కకు గత రెండు శీతకాలాలలో తడిసే గంధకపు పొడి లీటరు నీటికి రెండు గ్రాముల చొప్పున రెండుసార్లు కొట్టడంతో సరిపోయింది.

లోపాలు లేకపోలేదు. నేలలో నాటితే నాలుగైదు అడుగులు పొదలా పెరుగుతుంది, ముళ్లు బట్టలను పట్టుకుంటాయి, చిన్న పిల్లలు తిరిగే గేటు దారికి మరీ దగ్గరగా పెట్టకూడదు. కుండీలో పెంచాలంటే 14 అంగుళాలకు తగ్గకూడదు. తడిసినప్పుడు అది ముప్పై కిలోలు దాటుతుంది కనుక బాల్కనీ చువ్వలకు తగిలించే ఆలోచన చేయవద్దు. అయినా మందు, నీరు, సమయం అనే మూడింటిలోనూ తక్కువ అడిగే ఎర్ర గులాబీ ఏదని నన్ను అడిగితే దీనినే చూపిస్తాను.

మరో రెండు మాటలు: తీగ గులాబీ, నాకౌట్

ముదురు ఎరుపు తీగ గులాబీలలో 1958 నాటి డాన్ వాన్ సువాసన గలది; 1957 నాటి కాక్‌టెయిల్ ఒంటిరేకుది, నడుమ పసుపు కన్ను ఉంటుంది. తీగను నిలువుగా వదిలితే చివరనే పూస్తుంది. కిటికీ చువ్వలకో కాంపౌండు గోడకో అడ్డంగా వంచి కడితే ప్రతి కణుపూ చిగురించి పూస్తుంది. ఏడాదికి రెండుసార్లు నిచ్చెన ఎక్కి ఆ ముళ్ల తీగలను విప్పి కట్టే ఓపిక లేనివారు దీని జోలికి పోవద్దు.

తక్కువ శ్రమ గులాబీ అని వెతికితే మొదట ఎదురయ్యే పేరు నాకౌట్. అమెరికాలో విలియం రాడ్లర్ రూపొందించగా 2000లో విడుదలైన ఈ రకం నల్లమచ్చను తట్టుకోవడంలో పేరు గడించింది. వాడిన పూలను తుంచనక్కరలేదు. అయితే వాసన దాదాపు లేదు. పైగా మన నర్సరీలలో చీటీ మీద ఉన్న పేరుకు, కుండీలో ఉన్న మొక్కకు పొంతన ఉంటుందన్న హామీ లేదు. పేరు అడిగి కొనడం కంటే సెప్టెంబరు చివర నర్సరీకి వెళ్లి, అంత వానలోనూ కింది ఆకులు పచ్చగా నిలిచి ఉన్న ఎర్ర గులాబీ ఏదో చూసి కొనడం తెలివైన పని. పువ్వును చూసి కాక ఆకును చూసి కొనేవారిని నర్సరీవారు కాస్త వింతగా చూస్తారు, చూడనివ్వండి.

అంటు మొక్కా, కొమ్మ మొక్కా

ఇక్కడ అమ్మే హైబ్రిడ్ టీలు, ఫ్లోరిబండాలు ఎక్కువగా అంటు మొక్కలు. కింది వేరు మరో అడవి గులాబీది, పైభాగం మనకు కావలసిన రకానిది. అంటు కింది నుంచి చిగురు వస్తే వెంటనే పీకివేయాలి. వదిలేస్తే అదే బలిసి, పై రకాన్ని చంపుతుంది. నాకు ఇది ఖర్చుతో తెలిసింది. ఒక నర్సరీ నుంచి తెచ్చిన ఎర్ర గులాబీ ఎనిమిది నెలలపాటు నవనవలాడుతూ పెరిగి, ఒక్క మొగ్గ కూడా తొడగకపోతే, ఎరువు చాలలేదని ఎముకల పొడి, వేపపిండి పోస్తూ వచ్చాను. చివరికి మట్టి తోడి చూస్తే, అంటు పైభాగం ఎప్పుడో ఎండిపోయింది. నేను అంతకాలం మేపినది వేరుమొక్కను.

గ్రూస్ ఆన్ టెప్లిట్జ్, బటన్ రోజ్ వంటివి కొమ్మ నాటితేనే సులభంగా వేళ్లు వేస్తాయి. జూలైలో పెన్సిలు మందం గల కొమ్మను జానెడు పొడవున కోసి, ఇసుక కలిపిన మట్టిలో నీడన పెడితే నెల, నెలన్నరలో వేరు పడుతుంది. కొమ్మ మొక్క మొదటి ఏడాది అంటు మొక్క కంటే నిదానంగా పెరుగుతుంది గానీ, వేరు చిగుళ్ల బెడద జన్మలో ఉండదు. తక్కువ శ్రమ కోరేవారికి ఇది చిన్న లాభం కాదు.

గోదావరి జిల్లాల నుంచి ఇక్కడికి వచ్చినవారు ఊరు వెళ్లినప్పుడు కడియం నుంచి గులాబీలు కారులో వేసుకు రావడం మామూలే. అక్కడి మొక్క ఒండ్రు మట్టి ముద్దతో వస్తుంది. ఆ ముద్దను అలాగే బెంగళూరు ఎర్రమట్టిలో పెడితే, చుట్టూ ఉన్న మట్టి త్వరగా ఆరిపోతుంది, నడుమ ముద్ద మాత్రం తడి పట్టుకుని ఉంటుంది, వేరు బయటికి రాక కుళ్లుతుంది. ముద్దను ఒక పూట నీటిలో నానబెట్టి, అంచుల మట్టిని వేళ్లతో నెమ్మదిగా వదులు చేసి నాటాలి.

నీటి సంగతి

2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు బెంగళూరు జలమండలి తోటలకు తాగునీరు వాడడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. అటువంటి వేసవి మళ్లీ రాదనుకోవడానికి వీలు లేదు కనుక, నాలుగు చిన్న కుండీల కంటే ఒక పెద్ద కుండీ, కుండీ కంటే నేల అన్న వరుసలో ఆలోచించడం మంచిది. మట్టిపై ఎండుటాకులను రెండు అంగుళాల మందాన పరిస్తే నేలలోని మొక్క వేసవిలోనూ రెండు మూడు రోజులు ఆగుతుంది. బోరునీటి ఇళ్లలో మరో ఇబ్బంది ఉంది. ఆ నీటి గట్టిదనం క్రమంగా మట్టిని క్షారంగా మార్చి ఇనుమును మొక్కకు అందకుండా చేస్తుంది. లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అదే గుర్తు. కావేరి నీరు, వాననీరు వాడే ఇళ్లలో ఇది అరుదు. నీటిశుద్ధి యంత్రం వదిలే వ్యర్థజలాన్ని పొదుపు పేరుతో గులాబీకి పోయవద్దు. అందులో ఉప్పులు ఇంకా చిక్కగా ఉంటాయి. వడకట్టిన టీపొడి కూడా, పాలు పంచదార కడగకుండా వేస్తే చీమలకే మేలు.

కత్తిరింపు ఎప్పుడు

ఏ రకాన్ని ఎంచుకున్నా బెంగళూరులో ఏడాదికి రెండు కత్తిరింపులు చాలు. కోసిన నాటి నుంచి పువ్వు విచ్చుకోవడానికి ఆరేడు వారాలు పడుతుంది కనుక, పండుగ నుంచి వెనక్కి లెక్క వేసుకోవచ్చు. జూన్ చివర కోస్తే శ్రావణ శుక్రవారాలకు, నవంబరు చివరి వారంలో కోస్తే సంక్రాంతికి పూలు అందుతాయి. జూన్ కోత తేలికగా, ఎండుపుల్లలు, సన్నకొమ్మలు మాత్రమే తీసేలా ఉండాలి. ఆ వానలో లోతుగా కోస్తే కోసిన చోటు నుంచి కొమ్మ కిందికి ఎండుతూ వస్తుంది. నవంబరు కోతలో హైబ్రిడ్ టీని సగానికి తగ్గించవచ్చు, గుత్తి గులాబీని మూడో వంతు, విడిపూల గులాబీని అంతకంటే తక్కువ. కోసిన చివరలకు రాగి మందును ముద్దగా కలిపి పూయాలి. ఆ రోజు వాన సూచన ఉంటే కత్తెరను పక్కన పెట్టి, ఆకాశం తెరపి ఇచ్చాక కోయడమే మేలు.